ఇంటి కేకు.. కొలత మన చేతిలో!

*రాగిపిండి, బెల్లం, గానుగ నూనెతో వంటింట్లోనే కేకులు చేసుకునే ఇళ్లు పెరుగుతున్నాయి. ఈ కేకులో నిజంగా మేలు చేసేది ఏమిటి? పేరుకు మాత్రమే మంచిగా కనిపించేది ఏమిటి?*

విజిల్ ఊడదీసిన కుక్కర్ మూత కన్నంలోంచి ఏలకుల వాసన సన్నగా బయటికొస్తుంది. లోపల నీళ్లు లేవు. అడుగున వేలెడు మందాన రాళ్లుప్పు, దానిమీద చిన్న స్టాండు, ఆ పైన నెయ్యి రాసిన గిన్నె. గిన్నెలో రాగిపిండి, గోధుమపిండి, బెల్లం, పెరుగు, బాగా మగ్గిన అరటిపండు కలిపిన పిండి ఉడుకుతోంది. ముప్పావు గంట గడిచాక చీపురుపుల్ల గుచ్చితే తడి అంటదు. గిన్నె బోర్లిస్తే ముదురు గోధుమరంగు కేకు పళ్లెంలోకి జారుతుంది. దానిమీద క్రీము లేదు, గులాబీ పూలు లేవు. పిల్లలు మొదట మొహం చిట్లిస్తారు, ఆ తర్వాత రెండో ముక్కకు చెయ్యి చాస్తారు.

2020 లాక్‌డౌన్‌లో బేకరీలు మూతపడ్డప్పుడు పుట్టినరోజుల కోసం మొదలైన వంట ఇది. అప్పట్లో బిస్కెట్లు పొడిచేసి, పాలు పోసి కలిపి చేసిన కేకులే ఎక్కువ. బేకరీలు తెరుచుకున్నా ఆ అలవాటు చాలా ఇళ్లలో పోలేదు. మారిందల్లా గిన్నెలోకి వెళ్లే సరుకే. బిస్కెట్ల చోట గోధుమపిండి, చిరుధాన్యాలు వచ్చాయి. పంచదార చోట బెల్లమో ఖర్జూరమో వచ్చింది.

ఎందుకీ మళ్లింపు?

మొదటి కారణం భయం. 2024లో కర్ణాటక ఆహార భద్రత అధికారులు బేకరీల నుంచి 235 కేకు నమూనాలు సేకరించి పరీక్షిస్తే, పన్నెండింటిలో కృత్రిమ రంగులు ప్రమాదకర స్థాయిలో తేలాయి. రెడ్ వెల్వెట్, బ్లాక్ ఫారెస్ట్ లాంటి పిల్లలు ఇష్టపడే రకాల పేర్లు ఆ హెచ్చరికలో ఉండటంతో ఆ వార్త తెలుగిళ్లలోనూ చర్చకు వచ్చింది. నిజానికి ఆ నమూనాల్లో 223 సురక్షితమేనని కూడా అదే పరీక్షలో తేలింది. అయినా ఏ దుకాణం కేకు ఏ కోవలోకి వస్తుందో కొనేవాళ్లకు కంటితో చూస్తే తెలియదు.

రెండోది కొవ్వు. వనస్పతి, మార్గరిన్ లాంటి గట్టిపరచిన నూనెల్లో ఉండే ట్రాన్స్ ఫ్యాట్ గుండెకు చేటని తేలడంతో, ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ దాని పరిమితిని 2021లో నూటికి మూడు పాళ్లకు, 2022లో రెండు పాళ్లకు తగ్గించింది. నిబంధన వచ్చినా, కేకులో వాడింది వెన్నా వనస్పతా అని అడిగి కొనేవాళ్లు తక్కువ.

మూడోది చిరుధాన్యాల ప్రచారం. భారత్ ప్రతిపాదనతో ఐక్యరాజ్య సమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్న, రాగి, కొర్రలతో రకరకాల తినుబండారాల తయారీని ప్రోత్సహిస్తోంది. సంగటికీ రొట్టెకూ పరిమితమైన పిండి అలా కేకులోకీ చేరింది.

దొరల బల్ల నుంచి కుంపటి దాకా

మన దేశంలో కేకు కథ చెప్పేవాళ్లు కేరళలోని తలశ్శేరి పేరే ముందుగా చెబుతారు. 1883లో మర్డోక్ బ్రౌన్ అనే తోటల యజమాని ఇంగ్లండు నుంచి తెచ్చిన కేకును మాంబళ్లి బాపు అనే బేకరీ యజమానికి రుచి చూపించి, అలాంటిదే క్రిస్మస్‌కు చేయమన్నాడని, ఆయన స్థానికంగా దొరికే సరుకుతో దాన్ని చేసి మెప్పించాడని ప్రతీతి. అంటే ఉన్న ఊళ్లో దొరికే వాటితో కేకు చేయడం మన దగ్గర మొదటి నుంచీ ఉన్నదే.

హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో ఇళ్లకు ఓవెన్లు రాకముందు ఇంకో పద్ధతి నడిచింది. క్రిస్మస్ దగ్గరపడగానే క్రైస్తవ కుటుంబాలు మైదా, వెన్న, గుడ్లు, నానబెట్టిన ఎండుద్రాక్ష సొంతంగా పట్టుకెళ్లి, వీధి చివరి బేకరీ బట్టీలో కేకు కాల్పించుకునేవి. సరుకు ఇంటిది, నిప్పు బేకరీది. ఇప్పటికీ కొన్ని బేకరీలు డిసెంబరులో ఈ ఆనవాయితీని కొనసాగిస్తున్నాయి. మొహర్రం రోజుల్లో హైదరాబాద్‌లో చేసే దమ్ కా రోట్ కూడా ఇదే కుటుంబానిది. గోధుమపిండి, రవ్వ, నెయ్యి, ఎండు పండ్లు కలిపి బట్టీలో కాల్చే ఆ మందపాటి రోట్‌లో క్రీము ఊసే లేదు.

గోదావరి జిల్లాల కుంపటి రొట్టెకు కేకు అన్న పేరు లేదు కానీ, దాని వంటలో ఓవెన్ సూత్రమంతా ఉంది. మినప్పిండి, బియ్యపు రవ్వ కలిపిన పిండిని మందపాటి మూకుట్లో పోసి, కింద నిప్పులు, మూతపైన నిప్పులు పెట్టి నిదానంగా కాలుస్తారు. రెండువైపులా పొడి వేడి తగలడం వల్ల పైపొర ఎర్రగా కరకరలాడుతుంది, లోపల మెత్తగా గుల్లగా ఉంటుంది. అదే పిండిని గుడ్డ మీద ఆవిరికి ఉడికిస్తే వాసెనపోలి అవుతుంది, కానీ ఎర్రబడదు. ఆవిరి వేడి 100 డిగ్రీలు దాటదు, పిండి ఎర్రబడాలంటే అంతకు చాలా ఎక్కువ వేడి కావాలి.

> భార్య కోసం పుట్టిన పొడి
>
> బేకింగ్ పౌడర్‌ను 1843లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేశాడు. ఆయన భార్యకు ఈస్ట్ పడేది కాదు. ఈస్ట్ లేకుండా రొట్టె పొంగించే దారి వెతుకుతూ సోడాను, పులుపు పదార్థాన్ని పొడిగా కలిపి పెట్టాడు. ఆమెకు గుడ్లూ పడవని అంతకుముందే గుడ్డు లేని కస్టర్డ్ పొడినీ తయారుచేశాడు.

కేకు ఎందుకు పొంగుతుంది?

కేకు పొంగడానికి మూడు పనులు వరుసగా జరగాలి. గాలి బుడగలు పుట్టాలి, అవి పిండిలో చిక్కుకోవాలి, ఆ తర్వాత పిండి గట్టిపడి వాటిని అలాగే నిలపాలి.

బుడగలు పుట్టించేది సోడా. వంటసోడాకు పులుపు తగిలితే కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. పెరుగు, మజ్జిగ, నిమ్మరసం ఆ పులుపును ఇస్తాయి. బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు పులుపు పదార్థమూ పొడి రూపంలో ఉంటుంది కాబట్టి తడి, వేడి తగిలితే చాలు. కప్పు పిండికి బేకింగ్ పౌడర్ అయితే చిన్న చెంచా, సోడా అయితే పావు చెంచా సరిపోతాయి. సోడా ఎక్కువైతే కేకు పొంగి కుంగుతుంది, సబ్బు రుచి వస్తుంది.

బుడగలను పట్టి ఉంచేది గోధుమలోని గ్లూటెన్. పిండి తడిసి సాగినకొద్దీ అది బలపడుతుంది. చపాతీకి ఆ బలం కావాలి. కేకుకు అంత అక్కర్లేదు. అందుకే పొడి, తడి పదార్థాలు కలిపాక పిండి కనిపించనంత వరకే కలిపి ఆపేయాలి. ఎక్కువసేపు గిలక్కొడితే కేకు రబ్బరులా సాగుతుంది. చివరికి వేడికి పిండిలోని గంజి పదార్థం, గుడ్డులోని మాంసకృత్తులు గట్టిపడి ఆకారం నిలుస్తుంది. ఈ పని పూర్తికాకముందే మూత తీస్తే చల్లగాలి తగిలి నడిమి భాగం కుంగిపోతుంది.

మైదా తీసేస్తే ఏం పెట్టాలి?

జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల గోధుమపిండిలో పీచు దాదాపు 11 గ్రాములుంటే, మైదాలో మూడు గ్రాములు కూడా లేదు. మైదా స్థానంలో మొత్తం గోధుమపిండి వాడవచ్చు. కేకు కొంచెం బరువుగా, రంగు ముదురుగా వస్తుంది. జల్లించిన పిండిని పెరుగు, పాలలో పావుగంట నాననిస్తే పొట్టు మెత్తబడి ఆ గరుకుదనం తగ్గుతుంది. సోడా మాత్రం పొయ్యి మీద పెట్టే ముందే కలపాలి.

చిరుధాన్యాల్లో గ్లూటెన్ లేదు. రాగిపిండి ఒక్కదానితోనే చేస్తే కేకు చాకు తగలగానే పొడిపొడిగా రాలిపోతుంది. సగం గోధుమ, సగం రాగి కొత్తగా చేసేవాళ్లకు తేలికైన పాళ్లు. గోధుమ పడనివాళ్లకైతే గుడ్లు, మెదిపిన అరటిపండు, నానబెట్టిన అవిసెగింజల పొడి ఆ జిగురును కొంత అందిస్తాయి. రాగి రంగు కోకోతో కలిసిపోతుంది కాబట్టి చాక్లెట్ కేకుకు బాగా నప్పుతుంది. జొన్నపిండికి సొంత రుచి తక్కువ, పండ్లు వేసే కేకులకు పనికొస్తుంది. సజ్జపిండిలో కొవ్వు ఎక్కువ, నిల్వ ఉంటే చేదెక్కుతుంది కనుక అప్పటికప్పుడు పట్టించినదే వాడాలి. ఇవేమీ లేకుంటే ఉప్మా రవ్వను పుల్లటి పెరుగులో అరగంట నానబెట్టినా గుడ్డు లేని మంచి కేకు వస్తుంది.

ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం సుమారు 360 మిల్లీగ్రాములు. ఆ పిండితో చేసిన కేకును పది ముక్కలు చేస్తే ముక్కకు దక్కేది 36. గ్లాసు పాలలో 200 మిల్లీగ్రాములకు పైగానే ఉంటుంది. రాగి కేకు మైదా కేకు కన్నా మెరుగే కానీ, కాల్షియం కోసం కేకు తినాల్సిన పని లేదు.

బెల్లం వేస్తే తీపి కాకుండా పోతుందా?

ఇంటి కేకుల విషయంలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. బెల్లంలో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఉండేవి చక్కెరలే. అందులో ఇనుము ఉన్న మాట నిజం, కానీ 100 గ్రాములకు అయిదు మిల్లీగ్రాముల లోపే. ఒక్క ముక్క కేకులో పన్నెండు గ్రాముల బెల్లం ఉందనుకుంటే అందే ఇనుము అర మిల్లీగ్రాము. వయసులో ఉన్న ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని భారతీయ వైద్య పరిశోధన మండలి చెబుతోంది. కేకులో బెల్లం వేయాల్సింది రుచి కోసం, వాసన కోసం. షుగర్ ఉన్నవాళ్లకు బెల్లం కేకు, పంచదార కేకు రెండూ ఒకటే.

విడిగా కలిపే తీపి రోజుకు తీసుకునే మొత్తం శక్తిలో పదో వంతు దాటకూడదని, ఇరవయ్యో వంతుకు తగ్గితే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రెండో లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 25 గ్రాములు, అంటే ఆరు చిన్న చెంచాలు. తేనె కూడా ఈ కోవలోకే వస్తుంది. పండును పండుగా తింటే అందులోని తీపిని ఈ లెక్కలోకి తీసుకోరు. కాబట్టి మగ్గిన అరటిపండు, ఖర్జూరం, తురిమిన క్యారెట్ వేసి ఆ మేరకు బెల్లం తగ్గించుకోవడం తెలివైన పని. అలాగని ఖర్జూరాన్ని గుప్పిళ్లతో వేయకూడదు, ఎండు ఖర్జూరంలో సగానికి పైగా తీపే.

ఇంట్లో చేసుకోవడంలోని అసలు లాభం ఇక్కడే బయటపడుతుంది. పాతకాలపు పౌండ్ కేకుకు పిండి, పంచదార, వెన్న, గుడ్లు సమాన బరువులో వేస్తారు. పైన వేసే బటర్ క్రీములో వెన్నకు రెండింతలు పంచదార పొడి కలుపుతారు. కొన్న కేకులో ఆ పాళ్లు మార్చే వీలు లేదు. ఇంట్లో 200 గ్రాముల పిండికి 120 గ్రాముల బెల్లంతో సరిపెట్టవచ్చు, వచ్చేసారి 100కు దించవచ్చు. మూడు నాలుగు సార్లకు నాలుక ఆ తక్కువ తీపికే అలవాటు పడుతుంది.

> రాగి-గోధుమ-బెల్లం కేకు (పది ముక్కలకు)
>
> కావలసినవి: గోధుమపిండి, రాగిపిండి చెరో 100 గ్రాములు, బెల్లం పొడి 120 గ్రాములు, గట్టి పెరుగు 150 గ్రాములు, పాలు 100 మిల్లీలీటర్లు, మగ్గిన అరటిపండు ఒకటి, కరిగిన నెయ్యి లేదా నూనె 70 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర చిన్న చెంచాలు, వంటసోడా పావు చెంచా, చిటికెడు ఉప్పు, ఏలకుల పొడి.
>
> చేసే తీరు: గోరువెచ్చని పాలలో బెల్లం కరిగించి వడగట్టాలి. చల్లారాక పెరుగు, మెదిపిన అరటిపండు, నెయ్యి కలపాలి. జల్లించిన పిండ్లు, ఉప్పు, ఏలకుల పొడి వేసి ఉండలు లేకుండా కలిపి పావుగంట ఉంచాలి. పిండి జారుడుగా లేకపోతే రెండు చెంచాల పాలు పోయాలి. చివర్లో బేకింగ్ పౌడర్, సోడా కలిపి వెంటనే నెయ్యి రాసిన ఏడంగుళాల గిన్నెలో పోయాలి. ఓవెన్‌లో 175 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు కాల్చాలి. చల్లారాకే కోయాలి.

వెన్న, నెయ్యి, గానుగ నూనె

కొవ్వు కేకును మెత్తగా ఉంచుతుంది. వెన్నను తీపితో కలిపి గిలక్కొడితే గాలి చిక్కుకుని కేకు గుల్లగా వస్తుంది. నూనెకు ఆ గుణం లేదు, కానీ నూనె కేకు మర్నాటికి కూడా ఎండిపోదు. కొనే వెన్నలో ఆరో వంతు దాకా నీరే. నెయ్యిలో నీరు లేదు. కాబట్టి 100 గ్రాముల వెన్న అని రాసి ఉన్న చోట 80 గ్రాముల నెయ్యి, చెంచాడు పాలు చాలు. గానుగ నువ్వుల నూనె, వేరుశనగ నూనెలకు సొంత వాసన ఉంటుంది, బెల్లం, కోకో ఉన్న కేకుల్లో అది ఇమిడిపోతుంది.

గుడ్డు తినని ఇళ్లలో ఒక్కో గుడ్డుకు బదులు పావు కప్పు పెరుగు వేయవచ్చు. లేదా పెద్ద చెంచాడు అవిసెగింజల పొడిని మూడు చెంచాల నీళ్లలో నానబెట్టి కలపవచ్చు. గుడ్డు వేసినా వేయకపోయినా పచ్చి పిండిని పిల్లలు నాకకుండా చూడాలి. పచ్చి గుడ్డులోనూ, ఉడకని పిండిలోనూ కడుపు పాడుచేసే సూక్ష్మజీవులు ఉండే అవకాశం ఉంది.

రంగు సీసా లేకుండా రంగు

బీట్‌రూట్ రసంతో ఎర్ర కేకు చేయబోతే చాలాసార్లు అది గోధుమరంగుకు తిరుగుతుంది. బీట్‌రూట్ రంగు వేడికీ సోడాకూ నిలవదు. సోడా తగ్గించి, పెరుగు లేదా నిమ్మరసం పెంచితే కొంత మిగులుతుంది. క్యారెట్, గుమ్మడి రంగులు వేడిని బాగా తట్టుకుంటాయి. పసుపు వేసిన పిండిలో సోడా ఎక్కువైతే అక్కడక్కడా ఎర్రమచ్చలు కనిపిస్తాయి. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడే గుణమే ఇదీ. పైపూతకు క్రీము బదులు వేయించిన నువ్వులు, కొబ్బరి తురుము, పల్లీ పలుకులు, నీరు కట్టేసిన చిక్కటి పెరుగులో కొద్దిగా తేనె కలిపిన పూత సరిపోతాయి.

ఓవెన్ ఉంటేనేనా?

అమెరికాలోని తెలుగిళ్లలో పొయ్యి కిందే ఓవెన్ ఉంటుంది. ఇక్కడ చాలామందికి ఉన్నది కుక్కరే. దాని రబ్బరు, విజిల్ రెండూ తప్పనిసరిగా తీసేయాలి. అడుగున ఉప్పు లేదా ఇసుక పోసి, స్టాండు పెట్టి, పది నిమిషాలు వేడెక్కనివ్వాలి. గిన్నె లోపల పెట్టాక మంట సన్నగా ఉంచాలి. నలభై నుంచి యాభై నిమిషాలు పడుతుంది. నీళ్లు లేకుండా వేడిచేస్తే కుక్కర్ పాడయ్యే ప్రమాదం ఉంది కనుక పాతదో, మందపాటి మూత ఉన్న గిన్నో దీనికి కేటాయించుకోవాలి. పై నుంచి వేడి తగలదు కాబట్టి కేకు పైభాగం ఎర్రబడదు, రుచికి మాత్రం లోటుండదు. మైక్రోవేవ్‌లో కన్వెక్షన్ సదుపాయం ఉంటేనే కేకు సరిగ్గా కాలుతుంది.

> ఎక్కడ తేడా వచ్చింది?
>
> నడుమ కుంగితే: ముందే మూత తీశారు, లేదా సోడా ఎక్కువైంది.
> పైన పగిలితే: మంట ఎక్కువైంది.
> అసలు పొంగకపోతే: బేకింగ్ పౌడర్ పాతబడింది. వేడినీళ్లలో అర చెంచా వేస్తే బుసబుసా పొంగాలి.
> సాగుతుంటే: పిండి ఎక్కువసేపు కలిపారు.
> పొడిగా రాలుతుంటే: చిరుధాన్యం వాటా ఎక్కువైంది, తడి చాలలేదు.

ఇంట్లో ఎవరికెంత?

పుట్టినరోజు నాడు ఒకే బల్ల చుట్టూ కూర్చునేవాళ్లందరికీ ఒకే కేకు ఒకేలా పడదు. షుగర్ ఉన్న తాతయ్యకు ముక్క చిన్నది కావాలి, ఆ పూట అన్నం ఆ మేరకు తగ్గాలి. రెండేళ్ల లోపు పిల్లలకు తీపి కలపకుండా పండు మెదిపి పెట్టడమే మంచిది. ఏడాది నిండని శిశువులకు తేనె నాకించనే కూడదు, అందులో ఉండే అవకాశమున్న ఒకరకం బ్యాక్టీరియా వాళ్లకు ప్రాణాపాయం తేగలదు. పల్లీలు, జీడిపప్పు, గోధుమ పడని పిల్లలు బంధువుల్లో ఉంటే ఏమేం వేశారో ముందే చెప్పాలి. ఇంటి కేకులో ఉన్న సౌకర్యం అదే. అడిగితే ఇంట్లోవాళ్లు జవాబు చెప్పగలరు.

పిల్లలను పనిలో కలుపుకుంటే ఇంకో లాభం. పిండి జల్లించడం, అరటిపండు మెదపడం, బెల్లం తూచడం ఆరేడేళ్ల పిల్లలు చేయగలరు. ఒక కేకులోకి ఎంత తీపి వెళుతుందో తక్కెడలో చూసిన పిల్లలకు దాన్ని విడిగా పాఠంలా చెప్పనక్కర్లేదు.

నిల్వ చేసే మందులు ఉండవు కాబట్టి ఇంటి కేకు త్వరగా పాడవుతుంది. చలికాలంలో రెండు మూడు రోజులు మూత పెట్టిన డబ్బాలో ఆగుతుంది. ఎండాకాలంలో, అందులోనూ పండు, కొబ్బరి వేసినదైతే మర్నాటికల్లా ఫ్రిజ్‌లో పెట్టాలి. బూజు ఒక మూల కనిపించినా మొత్తం పారేయాల్సిందే.

రాగి వేసినా, బెల్లం వేసినా కేకు మిఠాయే. రోజూ తినే అన్నం, పప్పు, కూర, పండు చేసే పని అది చేయదు. దాని మేలంతా కొలత మన చేతిలో ఉండటంలోనే ఉంది. అందుకే మొదటిసారి చేసేవాళ్లు ఖరీదైన ఓవెన్ కన్నా ముందు చిన్న తక్కెడ ఒకటి కొనుక్కోవాలి. బెల్లం తూచి వేయాలి, కేకును పది ముక్కలుగా కోయాలి, ఒక్కొక్కరికి ఒక్కటే పెట్టాలి.